అత్తగారి డబ్బాలో జర్మన్ ఉత్తరాలు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో తరాల కిందట స్థిరపడిన జర్మన్ కుటుంబాల్లోకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లినవారు, అక్కడి లైబ్రరీల్లో, స్థానిక చరిత్ర సంఘాల్లో పనిచేస్తున్నవారు పంపిన ప్రశ్నలివి. పేర్లు వేయవద్దని కోరినందువల్ల ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా అత్తగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రేకు డబ్బాలో, రిబ్బను కట్టిన పాత ఉత్తరాలు దొరికాయి. 1850ల నుంచీ ఉన్నాయి. సిరా గోధుమరంగుకు తిరిగింది. కొన్నిచోట్ల అక్షరం ఉన్న మేర కాగితం చిల్లు పడింది. మడతలు విప్పితే చిరిగిపోతాయేమోనని భయం. ఇస్త్రీ చేసి లామినేషన్ చేయిస్తే గట్టిగా ఉంటాయని మా ఆడపడుచు అంటోంది. చేయించమంటారా? (మిల్వాకీ, విస్కాన్సిన్)

ఇస్త్రీ వద్దు, లామినేషన్ అసలే వద్దు. లామినేషన్‌లో వేడికి కరిగిన ప్లాస్టిక్ జిగురు కాగితం నారలోకి దిగిపోతుంది. తర్వాత ఎంత నేర్పుగల కన్సర్వేటర్ (పాత కాగితాలను, వస్తువులను బాగుచేసే నిపుణులు) అయినా దాన్ని క్షేమంగా బయటికి తీయలేరు. ఇస్త్రీ ఎందుకు వద్దో అర్థం కావాలంటే ఆ సిరా సంగతి తెలియాలి.

పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ ఉత్తరాల్లో ఎక్కువ భాగం మాచికాయ రసం, అన్నభేది (ఒక ఇనుప లవణం), తుమ్మజిగురు, నీళ్లు కలిపి చేసిన సిరాతో రాసినవే. రాసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడి, దశాబ్దాలు గడిచాక గోధుమరంగుకు తిరగడం దీని స్వభావం. ఇందులో రెండు చెరుపులు దాగి ఉన్నాయి. తయారీలో పుట్టే గంధకామ్లం కాగితం నారను కొరికేస్తుంది. అన్నభేది పాలు ఎక్కువైతే మాచికాయలోని టానిన్‌తో కలవకుండా మిగిలిపోయిన ఇనుము, గాలిలోని ఆక్సిజన్‌తో నార పాడయ్యే పనిని వేగం చేస్తుంది. పాళ్లు ఇంటికో రకంగా ఉండేవి కాబట్టే ఒకే కట్టలో ఒక ఉత్తరం చెక్కుచెదరకుండా, దాని పక్కది జల్లెడలా కనిపిస్తాయి.

తేమ తగిలిందంటే ఆ మిగులు ఇనుము కదులుతుంది. గీత పక్కనున్న మంచి కాగితంలోకి పాకి, వెనకవైపు అక్షరాల చుట్టూ గోధుమరంగు నీడలా తేలుతుంది. ఆవిరి ఇస్త్రీ, తడిగుడ్డ, మడతలు మెత్తబడాలని పెట్టే తడి అద్దుడు కాగితం, అన్నీ చేసే పని ఇదే. పొడి ఇస్త్రీ అయినా ఎండిన నారను ఇంకా పెళుసు చేస్తుంది. ఇంట్లో ఈ ఉత్తరాలకు నీటిచుక్క తగలనివ్వకండి.

ఇక చేయవలసినవి. రిబ్బను విప్పే ముందు కట్టను అన్ని వైపులనుంచీ ఫొటో తీయండి. ఉత్తరాలు ఏ వరసలో ఉన్నాయో రాసుకోండి. తారీఖుల ప్రకారం సర్దాలని చేతులు ఉబలాటపడతాయి, కాసేపు ఆగండి. ఆ కట్ట కట్టినవారు ఎవరి ఉత్తరాలు ఎవరివాటితో కలిపారో అదే ఒక సమాచారం. తారీఖు లేని ఉత్తరం ఏ రెండింటి మధ్య ఉందన్నదే చాలాసార్లు దాని కాలాన్ని పట్టిస్తుంది. కవర్లను ఉత్తరాల నుంచి వేరు చేసి స్టాంపులు సేకరించేవారికి ఇచ్చేయడం, లోపలి ఎండుపువ్వునూ వెంట్రుకల పాయనూ చెత్త అనుకుని దులిపేయడం ఇలాంటి కట్టలకు ఎక్కువగా జరిగే నష్టం. పువ్వు కాగితానికి మరక చేస్తుంది, నిజమే. దాన్ని మెత్తని ఆమ్లరహిత కాగితంలో పొట్లం కట్టి, ఏ ఉత్తరంలోదో పెన్సిలుతో రాసి, అదే ఫోల్డరులో పెట్టండి.

మడత విప్పడానికి తొందరపడొద్దు. మీ ప్రాంతంలో చలికాలం హీటర్ల వల్ల ఇంటి గాలి మరీ పొడిగా ఉంటుంది, కాగితం విరిగేది అప్పుడే. గాలిలో తేమ 45, 50 శాతం ఉన్న గదిలో కొన్ని రోజులు ఉంచాక, శుభ్రంగా కడిగి ఆరిన చేతులతో, కింద గట్టి అట్ట పెట్టుకుని, ఒక్కో మడతే విప్పండి. మొరాయిస్తే ఆపేయండి. తెరుచుకున్నదాన్ని రెండు పొడి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన అట్ట, దానిపైన ఒక మాదిరి బరువు పుస్తకం రెండు మూడు రోజులు ఉంచితే చాలు. లక్క ముద్ర ఉన్న ఉత్తరం మీద మాత్రం బరువు పెట్టకండి, లక్క పగులుతుంది. ఒకసారి విప్పినదాన్ని మళ్లీ మడవకండి. పాత మడత దగ్గరే నార తెగుతుంది.

తుప్పుపట్టిన గుండుసూదులు, క్లిప్పులు ఉంటే కాగితాన్ని లాగకుండా, క్లిప్పును రెండువైపులా తెరిచి తీయండి. చిరుగులకు సెలోటేప్ అంటించకండి. పాతది అంటించి ఉంటే పీకకండి. మామూలు చిరుగులకు కన్సర్వేటర్లు గోధుమ గంజి, జపనీస్ కాగితం వాడతారు. గంజిలో నీళ్లుంటాయి కాబట్టి ఈ సిరాకు అదీ పనికిరాదు. జెలటిన్ పూసి ఆరబెట్టిన పల్చటి జపనీస్ కాగితాన్ని వీలైనంత తక్కువ తేమతో అంటించడం దీనికి తగిన పద్ధతి. పని అప్పగించే ముందు ఈ సంగతి అడిగి చూడండి, ఆ మనిషికి ఈ సిరాతో పరిచయం ఉందో లేదో తెలిసిపోతుంది. స్వేచ్ఛగా తిరిగే ఇనుము ఉందో లేదో చెప్పే పరీక్షా పట్టీలు కూడా ఉన్నాయి. బాతోఫెనాంత్రోలిన్ అనే రసాయనం ఎక్కించిన ఆ పట్టీని కాస్త తడిపి గీత మీద అద్దితే, ఇనుము ఉన్నచోట గులాబీరంగు తేలుతుంది. అదీ కన్సర్వేటర్ చేతుల్లోనే జరగాలి.

దాచేందుకు, లిగ్నిన్ (కాగితాన్ని పసుపుబార్చే, కలపలోని పదార్థం) లేని, కాల్షియం కార్బొనేట్ కలిపిన కాగితపు ఫోల్డర్లు కొనండి. ఒక్కో ఫోల్డరులో పది కాగితాలకు మించొద్దు. ఫోల్డర్లు నిలబడి కుంగిపోకుండా అదే రకం అట్టపెట్టెలో సర్దండి. పాలిస్టర్ కవర్లు చూడ్డానికి బాగుంటాయి కానీ, పొట్టు రేగుతున్న సిరానూ పెన్సిల్ రాతనూ వాటి స్థిర విద్యుత్తు లాగేస్తుంది. పీవీసీ కవర్లయితే ఏ కాగితానికీ వద్దు. పెట్టె ఉంచేచోట వేడి 21 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. అటకా కాదు, బేస్‌మెంటూ కాదు. ఇంటి మధ్యలో, బయటి గోడకు ఆనుకోని అలమర మంచిది. తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి పక్కన పెట్టుకోండి. తేమ 65 శాతం దాటి నిలిచిందంటే బూజు మొదలవుతుంది.

ప్రశ్న: మావారి ముత్తాత ఉత్తరాలు పదిలంగానే ఉన్నాయి కానీ చదవగలిగినవారు లేరు. జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో పుట్టి పెరిగిన మా స్నేహితురాలికి చూపిస్తే "ఇది నాకూ రాదు" అంది. ఇది జర్మనే కాదా? మేం నేర్చుకోగలమా? (సిన్సినాటి, ఒహాయో)

జర్మనే. లిపి వేరు. దాన్ని కురెంట్ అంటారు. పదహారో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా జర్మన్ మాట్లాడేవారి చేతిరాత ఇదే. దీన్ని పిల్లలకు సులువు చేస్తూ లుడ్విగ్ జుటర్లీన్ రూపొందించిన అక్షరాలను 1915లో జర్మనీలోని అతిపెద్ద రాజ్యమైన ప్రష్యా బడుల్లో మొదలుపెట్టారు. 1941లో నాజీ ప్రభుత్వం ఈ లిపులన్నింటినీ పక్కనపెట్టి లాటిన్ రాతను తప్పనిసరి చేసింది. అంతకుముందు బడికి వెళ్లినవారికే ఇది ప్రధాన రాతగా వచ్చింది. మీ స్నేహితురాలి తరానికి రాకపోవడంలో వింత లేదు.

నేర్చుకోవచ్చు. జర్మన్ భాష కొద్దోగొప్పో వస్తే, రోజూ అరగంట కూర్చుంటే, కొన్ని వారాల్లో ఒక మనిషి దస్తూరీ పట్టుబడుతుంది. ఒక మనిషిది అని ఎందుకంటున్నామంటే, రెండో మనిషి ఉత్తరం తీసేసరికి మళ్లీ సగం పని మొదటికొస్తుంది. అందుకే ఒకరి ఉత్తరాలన్నీ వరసగా చదివాకే ఇంకొకరివి ముట్టుకోండి.

చిక్కంతా కొన్ని అక్షరాల దగ్గరే. 'ఈ' (e) అక్షరం ఇప్పటి 'ఎన్' (n)లా కనిపిస్తుంది. 'యూ', 'ఎన్' ఒకేలా ఉంటాయి కాబట్టి 'యూ' నెత్తిన చిన్న వంపు గీత పెడతారు. 'ఎమ్', 'ఎన్' మీద అడ్డగీత ఉంటే ఆ అక్షరం రెండుసార్లు ఉన్నట్టు. 'సీ' అచ్చం చుక్క లేని 'ఐ'. 'హెచ్' గీతకు పైనా కిందా రెండు సుడులుంటాయి. 'ఎస్'కు రెండు రూపాలు: మాట మధ్యలో నిలువుగా పొడుగ్గా, చివర గుండ్రంగా. ఈ పొడుగు 'ఎస్'ను 'ఎఫ్'గానో 'హెచ్'గానో చదివి ఇంటిపేరునే మార్చేసిన వంశవృక్షాలు చాలా ఉన్నాయి. ఊళ్లపేర్లు, మనుషుల పేర్లు, ఇంగ్లిష్ మాటలు మాత్రం చాలామంది లాటిన్ అక్షరాల్లోనే రాసేవారు. పేజీ నిండా అల్లిబిల్లి గీతల మధ్య "సిన్సినాటి" ఒక్కటే తేటగా కనబడుతుంది. మీ తొలి ఊతం అదే.

రెండో ఊతం ఉత్తరం మొదలు. మన పెద్దల ఉత్తరాలు "ఉభయకుశలోపరి" అంటూ సాగినట్టే, వీళ్లవీ కట్టుబాటు మాటలతో మొదలవుతాయి. "లీబె ఎల్టర్న్ ఉండ్ గెష్విస్టర్", అంటే ప్రియమైన అమ్మానాన్నలకూ తోబుట్టువులకూ అని. తర్వాత కలం చేతబట్టానని, దేవుడి దయవల్ల అందరం ఆరోగ్యంగా ఉన్నామని, మీరూ అలాగే ఉన్నారని ఆశిస్తామని. అక్కడ ఏ మాటలుండాలో ముందే తెలుసు కాబట్టి, ఆ నాలుగు పంక్తుల్లోంచి ఆ మనిషి రాసే ఒక్కో అక్షరాన్నీ కాగితం మీదికి దించుకుని సొంత అక్షరమాల తయారుచేసుకోండి. అచ్చు పుస్తకాల్లోని నమూనా పట్టిక కన్నా ఇది చాలా మేలు. మధ్యలో అర్థంకాని మాట వస్తే చుక్కలు పెట్టి ముందుకు సాగండి. రెండు పేజీల తర్వాత అదే మాట తేటగా దొరుకుతుంది.

చదవడం వచ్చాక కూడా తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. తారీఖులో 7 వేసి పక్కన "బర్" అని ఉంటే జూలై అనుకోకండి, అది సెప్టెంబర్. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు. అలాగే 8 అక్టోబర్, 9 నవంబర్, 10 లేదా రోమన్ అంకె పది డిసెంబర్. వంశచరిత్రల్లో నెలలు తారుమారైన చోట మొదట అనుమానించాల్సింది దీన్నే. రైతులు, చేతిపనివారు మాట్లాడినట్టే రాసేవారు. బీ–పీ, డీ–టీ తారుమారవుతాయి. నిఘంటువులో దొరకని మాటను గొంతెత్తి చదవండి, చెవికి అందుతుంది. అమెరికాలో కొన్నేళ్లున్నాక ఇంగ్లిష్ మాటలు జర్మన్ వేషం వేస్తాయి: కంచెకు "ఫెంజ్" అంటారు, ఎకరాకు "ఆకర్". డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. చాలామంది డాలరును కూడా, జర్మనీ పాత నాణెం పేరుతో, "థాలర్" అనే రాశారు. జర్మనీ నుంచి వచ్చిన ఉత్తరంలో థాలర్ నిజంగా థాలరే. అమెరికా నుంచి వెళ్లిన ఉత్తరంలో అది డాలరు కావచ్చు. ఆస్తి లెక్క వేసేముందు ఆ ఉత్తరం ఏ ఒడ్డున రాసిందో చూడండి.

ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ట్రాన్స్‌క్రిబస్ అనే సాఫ్ట్‌వేర్ స్కాన్ చేసిన కురెంట్ రాతను చదివి పెడుతుంది. గుమాస్తాల నీటైన దస్తూరీని బాగానే పడుతుంది, వంకరటింకర పల్లెటూరి రాతలో తప్పులు ఎక్కువ చేస్తుంది. పైగా అది ఎక్కువగా తప్పేది పేర్ల దగ్గర, మీకు అన్నిటికన్నా కావలసినవీ పేర్లే. మొదటి చిత్తుప్రతిగా వాడుకుని పంక్తి పంక్తీ మూలంతో సరిచూడండి. మనుషుల దగ్గరే నేర్చుకోవాలనుకుంటే పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్‌లో మొరావియన్ ఆర్కైవ్స్‌వారు ఈ లిపికి ప్రత్యేకంగా తరగతులు నడుపుతారు.

చదివినదాన్ని రాసేటప్పుడు మూలంలో పంక్తి ఎక్కడ తెగితే అక్కడే తెంచండి. తప్పు స్పెల్లింగులు దిద్దకండి. తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టండి. అనువాదం వేరే పేజీలో రాయండి.

ప్రశ్న: మా లైబ్రరీకి వచ్చిన ఒక కుటుంబపు ఉత్తరాల్లో సగానికి సంవత్సరం లేదు. వారు ఏ ఊరి నుంచి వచ్చారో కూడా వారసులకు తెలియదు. ఎలా పట్టుకోవాలి? (సెయింట్ లూయిస్, మిస్సోరి)

ఊరి పేరు ముందు చూద్దాం. అమెరికా జనాభా లెక్కల్లోనూ పౌరసత్వ కాగితాల్లోనూ "ప్రష్యా" అనో "బవేరియా" అనో మాత్రమే రాసి వదిలేయడం మామూలు. హాంబర్గ్ రేవు నుంచి బయల్దేరినవారైతే 1850 నుంచి 1934 వరకూ ఉన్న ప్రయాణికుల జాబితాల్లో వారి సొంత ఊరు దొరికే అవకాశం ఉంది. బ్రేమెన్ రేవు జాబితాలు చాలావరకు నాశనమయ్యాయి, 1920కి ముందువి దాదాపు లేవు. మిస్సోరి వైపు వచ్చినవారిలో బ్రేమెన్ మీదుగా వచ్చినవారు బోలెడుమంది. వారి విషయంలో ఊరి పేరు మిగిలింది ఉత్తరం పైన కుడిమూల, తారీఖు పక్కన మాత్రమే కావచ్చు. కవరు మీది పోస్టాఫీసు ముద్ర పల్లెది కాకుండా దగ్గరి పట్నానిది అయి ఉండొచ్చు, రెండూ విడివిడిగా రాసుకోండి. బాప్తిస్మ పత్రాలు, కన్ఫర్మేషన్ పత్రాలు, బైబిల్ ముందు పేజీల్లో రాసుకున్న పుట్టుకలు, చావులు కూడా తిరగేయండి.

సంవత్సరానికి చాలా ఆనవాళ్లున్నాయి. విడిగా కవరు లేకుండా కాగితాన్నే మడిచి, వెనక చిరునామా రాసి, లక్కతో మూసి ఉంటే శతాబ్దపు తొలి సగానిది అయ్యే వీలు ఎక్కువ. ఉత్తరం హానోవర్ రాజ్యం నుంచో, హెస్సెన్-కాసెల్ నుంచో వచ్చినట్టు ఉంటే 1866కు ముందుది, ఆ ఏడాదే ప్రష్యా వాటిని కలిపేసుకుంది. ఉత్తర జర్మన్ సమాఖ్య స్టాంపులు 1868 నుంచి 1871 వరకే. తర్వాతివి సామ్రాజ్యపు స్టాంపులు. బవేరియా మాత్రం 1920 దాకా సొంత స్టాంపులు వాడుకుంది కాబట్టి దాన్ని చూసి తొందరపడి పాతది అనేయకండి. పాత నాణేలైన థాలర్లు, గుల్డెన్లు పోయి మార్కుల్లో లెక్క చెబుతుంటే 1870ల మధ్య నుంచి.

తపాలా ఖర్చు ఇంకో దారి. 1850ల్లో ప్రష్యా మూసివేసిన సంచుల్లో వెళ్లే తపాలాకు అర ఔన్సుకు, అంటే సుమారు 14 గ్రాములకు, 30 సెంట్లు అయ్యేది. అందుకే పల్చటి కాగితం. అందుకే ఒక ఉత్తరంలోనే నలుగురి చేతిరాతలు, నిండిన పేజీని తిప్పి అడ్డంగా రెండోసారి రాయడం. 1875 జూలై 1 నుంచి దేశాల మధ్య తపాలాకు సంబంధించిన బెర్న్ ఒప్పందం అమల్లోకి వచ్చి అమెరికా నుంచి అర ఔన్సుకు 5 సెంట్లయింది. అక్కడి నుంచి ఉత్తరాలు పొట్టివవుతాయి, తరచుగా వస్తాయి. అడ్డంగా రాసిన పేజీలను స్కాన్ చేసి, తెరమీద ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పుకుని చదవండి.

స్పెల్లింగు కూడా సాక్ష్యమే. లోయ, తలుపు, భాగం లాంటి మాటల్లో 'టీ' తర్వాత 'హెచ్' ఉంటే అది 1901 సంస్కరణకు ముందు బడికి వెళ్లిన చేయి. ఉత్తరం తారీఖు కాదు, రాసిన మనిషి వయసు తెలుస్తుంది.

కట్టలో ఫొటోలుంటే వెనక్కి తిప్పండి. వెనక అమెరికా రెవెన్యూ స్టాంపు ఉంటే అది 1864–66 మధ్య అమ్మింది, ఆ రెండేళ్లే ఫొటోల మీద పన్ను ఉండేది. అట్ట మూలలు చదరంగా ఉంటే ఎక్కువగా 1870కి ముందువి, గుండ్రంగా ఉంటే తర్వాతివి. ఇది సుమారు లెక్కే. స్టూడియో చిరునామాను ఆ నగరపు పాత డైరెక్టరీలతో పోల్చితే ఇంకా దగ్గరికి వస్తారు.

ప్రశ్న: మా వియ్యాలవారి కుటుంబంలో 1914 దాకా ఏటా ఉత్తరాలున్నాయి. తర్వాత ఒక్కటీ లేదు. 1923లో కొన్ని, 1946 నుంచి ఒక్కసారిగా కుప్ప. మధ్యవి ఎవరో పారేశారంటారా? (డావెన్‌పోర్ట్, అయోవా)

కొన్ని అసలు వచ్చి ఉండవు. 1914లో యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ నౌకాదళం అట్లాంటిక్ తపాలాను అడ్డుకుంది. 1917 ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలోకి దిగడంతో దారి మూసుకుపోయింది. మీ రాష్ట్రంలో పరిస్థితి మరీ కఠినం. 1918 మే 23న గవర్నర్ విలియం హార్డింగ్ బడుల్లో, బహిరంగ స్థలాల్లో, టెలిఫోన్‌లో, చర్చి ప్రార్థనల్లో కూడా ఇంగ్లిష్ తప్ప మరో భాష వాడరాదని ప్రకటించాడు. జర్మన్ పుస్తకాలనూ కాగితాలనూ కాల్చేసిన ఇళ్లూ, దాచేసిన ఇళ్లూ ఉన్నాయి. పొరుగు నెబ్రాస్కాలో చిన్న తరగతులకు పరభాష నేర్పడాన్ని నిషేధించిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1923లో, మేయర్ కేసులో కొట్టేసింది. ఆపాటికి చాలా ఇళ్లలో పిల్లలు ఇంగ్లిష్‌లోకి మారిపోయారు. జవాబు రాయగలిగినవారు పెద్దవాళ్లే మిగిలారు.

1923 ఉత్తరాలు ద్రవ్యోల్బణం నాటివి. కవరు మీద లక్షలూ కోట్లూ దాటి వందల కోట్ల మార్కుల స్టాంపులు, పాత స్టాంపుల మీదే కొత్త అంకె ముద్రించినవి కనిపిస్తాయి. వాటిని ఆవిరిపట్టి ఊడదీయకండి. కవరు మీద ఉన్నప్పుడే అవి ఏ వారంలో, ఏ బరువుకు, ఎంత పట్టిందో చెబుతాయి.

రెండో యుద్ధకాలంలో ఉత్తరాలు లేకపోయినా చిన్న రెడ్‌క్రాస్ ఫారాలు ఉన్నాయేమో వెతకండి. జెనీవా మీదుగా 25 మాటలకు మించని కబురు మాత్రం పంపనిచ్చేవారు. జవాబు అదే ఫారం వెనక వచ్చేది. మామూలు రసీదులనుకుని వీటిని పారేస్తుంటారు. 1946లో పౌర తపాలా తిరిగి తెరుచుకుంది, అమెరికా సహాయ సంస్థ కేర్ పంపే ఆహార పొట్లాలు జర్మనీకి వెళ్లడం మొదలైంది. మీరన్న కుప్పలో చాలా భాగం కాఫీకి, కొవ్వుకు, బూట్లకు కృతజ్ఞతలే అయి ఉంటుంది. పిల్లల పాదాల కొలత గీసిన కాగితం ముక్కలు కూడా దొరకవచ్చు, విసిరేయకండి. కవరు పక్కన సెన్సారు పట్టీ అంటించి ఉంటే తీయకండి. ఈ కాలపు కాగితం కలపగుజ్జుతో చేసిన నాసిరకం, 1850ల చింకిగుడ్డల కాగితం కన్నా ముందే పొడి అయిపోతుంది. ముందు స్కాన్ చేయాల్సినవి ఇవే.

ప్రశ్న: గాజుపెట్టెలో ఎండిన ఆకుల దండ, అల్లిన వెంట్రుకలు, రంగురంగుల బాప్తిస్మ పత్రం, పైన పేరూ సంవత్సరమూ రాసిన చెక్కపెట్టె మా వాటాకు వచ్చాయి. పత్రాన్ని హాల్లో తగిలించి, మిగతావి ఆ చెక్కపెట్టెలో పెడదామనుకుంటున్నాం. (లాంకాస్టర్, పెన్సిల్వేనియా)

ఆ దండ పెళ్లికూతురు ధరించే, మిర్టిల్ అనే పొద కొమ్మల దండ అయి ఉంటుంది. పెళ్లయ్యాక దాన్ని గాజుపెట్టెలో బిగించి దాచుకోవడం జర్మన్ ఇళ్లలో ఆనవాయితీ. ఆకులు వెండిరంగులో ఉంటే ఇరవై ఐదేళ్ల పండుగది, బంగారురంగయితే యాభయ్యేళ్లది. పెట్టె తెరవకండి, ఆకు తాకితే పొడి అవుతుంది. గాజు తుడిచేటప్పుడు ద్రవాన్ని గుడ్డ మీద చల్లుకోండి, గాజు మీద కాదు. అంచులోంచి లోపలికి దిగితే మరక పడుతుంది. మొగ్గలు మైనంతో చేసినవైతే వేడి తగలనివ్వకండి. లోపల సన్నని పొడి, పురుగుల పొట్టు కొత్తగా కనిపిస్తుంటే ప్లాస్టిక్ సంచిలో మూసి కన్సర్వేటర్‌కు చూపించండి. పురుగుకు ఫ్రీజర్ మంచి మందే, కానీ మైనానికీ గాజుకూ పనికిరాదు.

వెంట్రుకలకు కార్పెట్ బీటిల్ పిల్లపురుగులే శత్రువులు. ఉత్తరాలకు చెప్పిన కాల్షియం కలిపిన కాగితం వీటికి వాడకండి. వెంట్రుక, పట్టు, ఉన్ని లాంటివాటికి క్షారం కలపని ఆమ్లరహిత కాగితం కావాలి.

బాప్తిస్మ పత్రం మీ ప్రాంతపు జర్మన్ల అలంకార రాత అయిన ఫ్రాక్టూర్ కళ. పక్షులు, ట్యూలిప్‌లు గీసి తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన టౌన్‌షిప్, పాస్టర్, సాక్షుల వివరాలు రాస్తారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు పింఛను దరఖాస్తులకు కుటుంబ రుజువుగా జతచేసినవి ఇప్పటికీ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అంత నమ్మకమైన పత్రం అది. హాల్లో నకలు తగిలించండి. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, వెలిసింది తిరిగిరాదు. ఆకుపచ్చ రంగు ఉన్నచోట వెనక గోధుమరంగు కనిపిస్తే అది రాగి చిలుముతో చేసిన రంగు, సిరా లాగే కాగితాన్ని తినేస్తోందని అర్థం. అలాంటిదాన్ని పరిచి ఉంచాలి, చుట్టకూడదు.

చెక్కపెట్టెలో కాగితాలు, బట్టలు పెట్టకండి. చెక్క వదిలే ఆమ్లపు ఆవిర్లు మూసిన పెట్టెలో పేరుకుంటాయి. పెట్టెకు కొత్త రంగు, నూనె, వార్నిష్ వద్దు. మూత లోపల, అడుగున, వెనకవైపు టార్చిలైటు వాలుగా పట్టి చూడండి. ఓడకు ఎక్కించేటప్పుడు రాసిన చిరునామా మసకగా మిగిలి ఉండొచ్చు.

ప్రశ్న: అద్దంలా మెరిసే ఒక ఫొటో మసకబారింది, తుడవొచ్చా? రేకు మీద ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. (ఫ్రెడెరిక్స్‌బర్గ్, టెక్సాస్)

తుడవొద్దు. పక్కకు వంచితే బొమ్మలో నలుపు, తెలుపు తారుమారై కనిపిస్తుంటే అది డాగెరోటైప్, వెండి పూసిన రాగి రేకు. పత్తి తగిలినా బొమ్మ చెరిగిపోతుంది. గాజుకే మసక పట్టి ఉండొచ్చు, ఆ పనీ నిపుణులదే. అయస్కాంతం దగ్గరికి తెస్తే లాగేవి టిన్‌టైప్‌లు, అంటే ఇనుప రేకు మీది ఫొటోలు. వంచకండి, పూత లేచిపోతుంది. అయస్కాంతాన్ని బొమ్మ మీద ఆనించకుండా అట్ట వెనకనుంచి చూడండి. ఫొటోలకు కాటన్ బదులు నైట్రైల్ గ్లవ్స్ తొడుక్కోండి.

ప్రశ్న: నలుగురు అన్నదమ్ముల పిల్లలం. ఉత్తరాలు నాలుగు భాగాలు చేసుకుందామని కొందరు, లైబ్రరీకి ఇద్దామని కొందరు. పుస్తకంగా వేయాలని నాకుంది. ఏది మంచిది? (మాడిసన్, విస్కాన్సిన్)

పంచుకోకండి. అన్నకు రాసిన ఉత్తరం ఒకరింట, దానికి సంబంధించిన చెల్లెలి ఉత్తరం ఇంకొకరింట చేరితే రెండూ సగం మూగబోతాయి. అసలువన్నీ ఒకేచోట ఉంచి అందరికీ స్కాన్లు ఇవ్వండి. ఉత్తరాలకు 400 పీపీఐ (అంగుళానికి చుక్కలు), చిన్న ఫొటోలకు 600, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. కాగితం అంచులు కనబడాలి. ఖాళీ వెనకపేజీ, కవరు రెండువైపులా కూడా తీయండి. కాగితాలను తనంతట లాక్కునే స్కానర్ వద్దు. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ, పేజీ సంఖ్య వరసలో పెడితే కంప్యూటరే సర్దుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఊళ్లో.

మీ దగ్గరున్నవి చాలావరకు జర్మనీ నుంచి వచ్చినవి. మీ పెద్దలు అమెరికా నుంచి రాసినవి అటు ఒడ్డున ఉంటాయి. అలాంటివాటిని ఒకచోట చేర్చిన పెద్ద సేకరణ జర్మనీలోని గోథా పరిశోధన గ్రంథాలయంలో ఉంది. బోఖుమ్‌లో వోల్ఫ్‌గాంగ్ హెల్బిష్ మొదలుపెట్టిన సేకరణ అది. మీ ఇంటిపేరుతో, ఊరిపేరుతో అడిగి చూడండి. వాషింగ్టన్‌లోని జర్మన్ హిస్టారికల్ ఇన్‌స్టిట్యూట్, అమెరికాలో ఇళ్లలోనూ ఆర్కైవ్‌లలోనూ ఉన్న జర్మన్ ఉత్తరాల డిజిటల్ ప్రతులను చేరుస్తోంది. మీ ఊళ్లోనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు మాక్స్ కాడే ఇన్‌స్టిట్యూట్ 1983 నుంచి జర్మన్-అమెరికన్ అధ్యయనాలు చేస్తోంది, సలహాకు మొదట అక్కడికి వెళ్లండి.

ఏ సంస్థకిచ్చినా దానపత్రం మీద సంతకం చేసేముందు నాలుగు మాటలు రాతపూర్వకంగా తేల్చుకోండి: కట్టను విడదీయకుండా ఉంచుతారా, కవర్లూ పువ్వులూ కూడా తీసుకుంటారా, వద్దనుకున్నవి మీకే తిరిగి ఇస్తారా లేక అమ్మేస్తారా, ఇంకా బతికున్నవారి విషయాలున్న ఉత్తరాలను కొన్నేళ్లు మూసి ఉంచుతారా.

పుస్తకం సంగతి. కాగితం మీది గనుక మాటలూ మీవే అనుకోకండి. ఉత్తరంలోని మాటల మీద హక్కు రాసినవారిది, వారి తర్వాత వారి వారసులది. అచ్చుకాని ఉత్తరానికి అమెరికాలోనూ జర్మనీలోనూ రచయిత మరణించాక 70 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. రచయిత చనిపోయిన ఏడాది తెలియకపోతే అమెరికా లెక్కలో రాసిన నాటి నుంచి 120 ఏళ్లు. 1850లవి మీరు నిశ్చింతగా వేసుకోవచ్చు. 1946 తర్వాతివాటికి మాత్రం జర్మనీలోని బంధువుల శాఖను వెతికి, అనుమతి రాతలో తీసుకోండి.